“రక్త పరీక్ష చేశారా?” అని అడిగితే మలేరియా రోగి చెప్పే జవాబు ఎంతవరకు నమ్మొచ్చు?

సర్వేసంచి
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్ళొచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అక్కడ ఏం వైద్యం చేశారో అడిగి రాసుకోవడం నా పని. పరీక్ష చేశారా, మలేరియా ఉందన్నారా లేదన్నారా, ఏ మాత్రలిచ్చారు, ఎన్ని రోజులు వాడమన్నారు, మీరు ఎన్ని రోజులు వాడారు, ఇవీ ప్రశ్నలు. ఈసారి మా పైవాళ్ళకి ఓ ఆలోచన వచ్చింది. క్లినిక్ రిజిస్టర్లు తెప్పించి, రోగులు చెప్పినదాన్ని వాటి పక్కన పెట్టి చూడమన్నారు. పెట్టాం. పెట్టకపోతే బాగుండేదనిపించింది.

రిజిస్టర్లో కిట్ టెస్ట్ నెగెటివ్ అని ఉన్న ఒకావిడ నాతో “మలేరియానే అన్నారండీ” అని ఢంకా బజాయించి చెప్పింది. పరీక్ష చేసినట్టు రిజిస్టర్లో ఎక్కడా లేని ఒక పెద్దాయన “రక్తం తీశారు బాబూ” అన్నాడు. ఎక్కడ తీశారంటే మోచేతి మడత చూపించాడు. మలేరియాకిచ్చే పసుపు మాత్రలు ఇచ్చినట్టు రాసి ఉన్న పిల్లాడి వాళ్ళమ్మేమో “ఒక్క సిరప్పే ఇచ్చారు” అంటుంది.

మా టీమ్ రెండుగా చీలిపోయింది. కొందరు జనం చెప్పేది చెత్తబుట్టలో వెయ్యమంటున్నారు. మిగతావాళ్ళు, అన్ని దేశాల్లో ఇంటింటి సర్వేలు ఇలాగే నడుస్తున్నాయి కదా, మనకొక్కళ్ళకే ఎందుకు అనుమానం అంటున్నారు. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి: రోగి జ్ఞాపకాన్ని దేని విషయంలో నమ్మొచ్చు, దేని విషయంలో నమ్మకూడదు?

స్లైడ్‌మాస్టర్
ల్యాబ్‌లో ఇరవై ఏళ్ళ నుంచి ఉన్నాను. మీరు ప్రశ్న ఎలా అడిగారో ముందు చెప్పండి. “మలేరియా పరీక్ష చేశారా” అన్నారా, “వేలు గుచ్చి రక్తం తీశారా” అన్నారా?

సర్వేసంచి
రెండోది. పెద్ద సర్వేల్లో ఐదేళ్ళలోపు పిల్లల తల్లుల్ని అడిగే ప్రశ్నే. గత రెండు వారాల్లో జ్వరం వచ్చిందా, వస్తే ఎప్పుడైనా వేలి నుంచి గానీ మడమ నుంచి గానీ పరీక్షకి రక్తం తీశారా అని. దాన్నే పెద్దవాళ్ళకీ వాడాం.

స్లైడ్‌మాస్టర్
అక్కడే ఉంది తిరకాసు. మా ల్యాబ్‌లో ఒక మనిషికి ఏం జరుగుతుందో చెప్తాను. కిట్ టెస్టయితే వేలి కొస స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, గుచ్చుతాను. ఒక్క చుక్క, దాదాపు ఐదు మైక్రోలీటర్లు, కిట్ చిన్న గుంటలో పడుతుంది. రెండో గుంటలో బఫర్ చుక్కలు వేసి పక్కన పెడతాను. గీత రావడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ సేపంతా మనిషి వేలికి దూది నొక్కుకుని బయట బల్ల మీద కూర్చుంటాడు. లోపల గీత ఒకటొచ్చిందా రెండొచ్చాయా అతనికేం తెలుసు. చీటీ రాసి డాక్టరు దగ్గరికి పంపేస్తాను. అతనికి గుర్తుండేవి నొప్పి, దూది, ఎదురుచూపు, అంతే.

ఇప్పుడు రెండో మనిషిని చూడండి. ఇతనికి మలేరియాతో పాటు ఇంకో మూడు పరీక్షలు రాశారు. అలాంటప్పుడు వేలు గుచ్చను, మోచేతి దగ్గర నరం నుంచి ఒకేసారి ట్యూబులోకి తీసి, అందులోంచే మైక్రోస్కోప్ కింద చూసే మలేరియా స్లైడు కూడా చేస్తాను. మీరు వెళ్ళి “వేలు గుచ్చారా” అంటే అతను “లేదు” అంటాడు. నిజమే చెప్పాడు. మీ కాగితం మీద మాత్రం మలేరియా పరీక్ష కానివాడైపోయాడు.

మూడో మనిషి షుగర్ చూపించుకోడానికో, రక్తహీనత ఉందేమో చూపించుకోడానికో వచ్చాడు, వేలు గుచ్చాం. అతను “అవును” అంటాడు. అతనూ నిజమే చెప్పాడు.

కాబట్టి ముందు మీ ప్రశ్నని అనుమానించండి, మనిషి సంగతి తర్వాత.

ఊరకే_చదివేవాణ్ని
ఆ పెద్దాయన మోచేతి మడత చూపించాడన్నారు కదా… 🙂

రాత్రిడ్యూటీ
డాక్టర్ని. పరీక్ష జరిగిన సంగతి చాలామంది సరిగ్గానే చెప్తారు, ఫలితం దగ్గర తడబడతారు. అందులో మా తప్పు చిన్నదేం కాదు. తెల్లారే లోపు అరవై మందిని చూసే రోజున నెగెటివ్ చీటీ చూసి నేనేమంటాను? “ఏం లేదమ్మా, ఈ మాత్రలు వాడు.” ఏం లేదంటే మలేరియా లేదనా, భయపడాల్సింది లేదనా? ఆవిడ ఇంటికెళ్ళాక దాన్ని తనకి తోచినట్టు పూర్తి చేసుకుంటుంది. పైగా కొందరు డాక్టర్లు నెగెటివ్ వచ్చినా మలేరియా మందు రాసేస్తారు, అది వేరే పెద్ద జబ్బు. మందు చేతిలో పెడితే ఆవిడ “మలేరియానే అన్నారు” అనక ఇంకేమంటుంది.

దీనికి పాత కారణం ఒకటుంది. 2010కి ముందు, మలేరియా విపరీతంగా ఉండే చోట్ల చిన్నపిల్లలకి జ్వరమొస్తే పరీక్ష లేకుండానే మలేరియా మందు ఇవ్వడమే మార్గదర్శకం. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఏ వయసువాళ్ళకైనా ముందు పరీక్ష చేసి తేల్చుకున్నాకే మందివ్వాలని మార్చింది. 2012లో పరీక్షించు, వైద్యం చెయ్యి, నమోదు చెయ్యి అని ప్రచారం కూడా పెట్టారు. అప్పటిదాకా ఏళ్ళ తరబడి జ్వరమంటే మలేరియా అని మేమే నేర్పాం. జనం బుర్రలోంచి అది ఒక సర్క్యులర్‌తో పోతుందా?

చలిజ్వరం
నేను రోగుల తరఫు. వైవాక్స్ అనే రకం మలేరియా రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఒక సర్వే అబ్బాయి అడిగితే “మందులు పూర్తిగా వేసుకున్నా” అని చెప్పాను. ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పేవాణ్ని. అబద్ధమని అనుకోలేదు.

ఏం జరిగిందంటే, రెండు రకాలిచ్చారు. ఒకటి మూడు రోజులది, క్లోరోక్విన్, నాలుక మీద పెడితే చచ్చేంత చేదు. రెండోది చిన్న మాత్ర, పద్నాలుగు రోజులు. మూడు రోజులకి జ్వరం దిగింది, చలి పోయింది, నా లెక్కలో వైద్యం అయిపోయింది. చిన్న మాత్ర బలానికి అనుకున్నాను, విటమిన్ లాంటిదని. ఐదో రోజో ఆరో రోజో మానేశాను, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. “పూర్తిగా” అంటే నా మనసులో ఆ చేదు మాత్రలే. మూడు నెలలకి మళ్ళీ దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూర్చున్నాక తెలిసింది ఆ రెండో మాత్ర ఎందుకిచ్చారో.

ఇంకో మాట. అడిగిన అబ్బాయి వేసుకున్న కోటు, మందులిచ్చిన క్లినిక్‌వాళ్ళ కోటూ ఒకటే. మానేశానని అతని మొహం మీద ఎలా చెప్తాం బాస్.

రాత్రిడ్యూటీ
ఆ చిన్న మాత్ర ప్రైమాక్విన్. వైవాక్స్ క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతూ ఉంటాయి. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది, నిద్రపోయేవాటి జోలికి పోదు. ఇదంతా చీటీ ఇచ్చేటప్పుడు ఎవరైనా మీకు చెప్పారా?

చలిజ్వరం
చెప్పే ఉంటారండీ. 103 జ్వరంలో ఉన్నవాడికి చెప్పారు. 😄

లెక్కలపిచ్చి
ఇప్పటిదాకా వచ్చినవన్నీ మంచి కథలు. కానీ సంచి గారి అసలు సమస్య వేరు. ఒక్కో మనిషి తప్పు చెప్పినా, వెయ్యి మందిని కలిపితే సరైన శాతం వస్తుందా రాదా అన్నది ప్రశ్న. చాలామంది, కొందరు అటు కొందరు ఇటు తప్పుతారు, చివరికి సరిపోతుందిలే అనుకుంటారు. సరిపోదు. ఊహించిన అంకెలతో చూపిస్తాను, ఏ సర్వేలోంచీ తీసినవి కావు.

నిజంగా పరీక్ష అయినవాళ్ళలో 90 శాతం మంది “అయింది” అంటారనుకోండి (సెన్సిటివిటీ 90). కానివాళ్ళలో 70 శాతం మంది “కాలేదు” అని సరిగ్గా చెప్తారనుకోండి (స్పెసిఫిసిటీ 70). అంటే కానివాళ్ళలో 30 శాతం “అయింది” అనేస్తారు.

వెయ్యి మందిలో నిజంగా 800 మందికి పరీక్ష అయింది. వాళ్ళలో 720 మంది అవునంటారు, మిగతా 200లో 60 మంది అవునంటారు. మొత్తం 780. నిజం 80 శాతం, సర్వే చెప్పేది 78. ఆహా, ఎంత బాగా గుర్తుంది జనానికి అని చప్పట్లు కొడతాం.

ఇప్పుడు అదే జనం, అదే జ్ఞాపకశక్తి, కానీ నిజంగా పరీక్ష అయింది 200 మందికే. వాళ్ళలో 180 అవును. కాని 800 మందిలో 240 అవును. మొత్తం 420. నిజం 20 శాతం, సర్వేలో 42. రెట్టింపు దాటింది!

పరీక్షలు సరిగ్గా జరగని చోటే సర్వే అంతా బాగానే ఉందని చెప్తుంది, ఎక్కడ దృష్టి పెట్టాలో అక్కడే మన కళ్ళు కప్పేస్తుంది. ఇంకోటి చూడండి, ఒకచోట పరీక్షలు కొన్నేళ్ళలో 20 నుంచి 80కి పెరిగాయనుకోండి, సర్వేలో 42 నుంచి 78కి పెరిగినట్టు కనిపిస్తుంది. 60 పాయింట్ల కష్టం 36 పాయింట్లుగా తేలుతుంది. చేసినవాళ్ళ శ్రమ కూడా పోయింది.

ఊరకే_చదివేవాణ్ని
రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు, ఎక్కాక నిద్ర పట్టలేదు.

సర్వేసంచి
లెక్కలపిచ్చి గారూ, మరి దీన్ని వెనక్కి తిప్పి అసలు శాతం పట్టుకోలేమా?

లెక్కలపిచ్చి
పట్టుకోవచ్చు. రోగన్, గ్లాడెన్ అని ఇద్దరు 1978లోనే సూత్రం ఇచ్చారు. సర్వేలో వచ్చిన శాతానికి స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసెయ్యండి. దాన్ని, సెన్సిటివిటీకి స్పెసిఫిసిటీ కలిపి ఒకటి తీసేస్తే వచ్చినదానితో భాగించండి. పై ఉదాహరణలో 0.42కి 0.70 కలిపి 1 తీస్తే 0.12, దాన్ని 0.60తో భాగిస్తే 0.20. అసలు అంకె వచ్చేసింది.

కానీ ఆ 90, 70 మీకెక్కడ దొరుకుతాయి? ఇంకోచోట ఎవరో కొలిచినవి అరువు తెచ్చుకుంటే కుదరదు. నరం నుంచి రక్తం తీసే అలవాటున్న చోట ఒక అంకె, అందరికీ కిట్టే వాడే చోట ఇంకో అంకె. మీ జనంలోనే కొందరి మీద మీరే కొలవాలి. దానికి నిజం ఏమిటో ముందు తెలియాలి.

సర్వేసంచి
నిజం రిజిస్టర్లో ఉందిగా?

నీలంసిరా
ఇంతసేపూ ఊరుకున్నాను, ఇక ఊరుకోలేను. నర్సుని. ఆ రిజిస్టర్లు రాసేది మాలాంటివాళ్ళమే. రిజిస్టర్‌ని దేవుడి వాక్కులా చూడకండి దయచేసి.

ఎలా రాస్తామో చెప్తాను. ఉదయం జనం తక్కువున్నప్పుడు ఎప్పటికప్పుడు వరసగా రాస్తాం. పదకొండు దాటాక బల్ల మీద చీటీలు పోగవుతాయి. మధ్యాహ్నం మూడింటికి కూర్చుని పోగంతా ఒక్కసారి ఎక్కిస్తాం. చీటీ ఏదైనా కింద పడిపోయి ఉంటే ఆ మనిషి రానట్టే. పాజిటివ్‌లు ఎవరూ వదలరు, ఎందుకంటే వాటి గురించి పైనుంచి అడుగుతారు. నెగెటివ్‌లు చాలాసార్లు ఎక్కవు. నెల చివర కిట్లు ఎన్ని ఖర్చయ్యాయో, రిజిస్టర్లో ఎన్ని పరీక్షలున్నాయో తేడా వస్తుంది, అప్పుడు చూడాలి మా తిప్పలు. నేను పనిచేసిన ఒకచోట తేడా సరిపెట్టడానికి వరసలు నింపడం కూడా కళ్ళారా చూశాను. ఏ చోటన్నది వద్దు.

మందుల గడీ అయితే మరీనూ. అందులో రాసి ఉండేది డాక్టరు రాసిచ్చిన మందు. మా దగ్గర అది అయిపోయి బయట కొనుక్కోమని పంపితే రిజిస్టర్లో ఆ ముక్క ఉండదు. మీ పోస్టులో సిరప్ ఒక్కటే ఇచ్చారన్న తల్లి ఉంది చూడండి, ఆవిడ అబద్ధం చెప్పి ఉండదని నా పందెం.

స్లైడ్‌మాస్టర్
నీలంసిరా మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకోటి, ల్యాబ్ రిజిస్టర్ వేరు, ఓపీ రిజిస్టర్ వేరు. సంచి గారు ఏది తెచ్చుకున్నారు?

సర్వేసంచి
…ఓపీ ఒక్కటే.

రాత్రిడ్యూటీ
రిజిస్టరూ కాదు, రోగీ కాదు, మూడో దారి ఒకటుంది. క్లినిక్‌లో ఒక మనిషిని కూర్చోబెట్టి, ఎవరికేం చేస్తున్నారో చూసి రాయించి, అదే రోగిని కొన్ని రోజుల తర్వాత ఇంట్లో అడగాలి. కానీ ఎవరో పక్కన కూర్చుని రాస్తుంటే నేను కూడా బుద్ధిమంతుణ్ణి అయిపోతాను. ప్రతి చీటీ విప్పి చెప్తాను, మాత్రలు చూపిస్తాను. ఆ రోజు నా రోగులకి మామూలు రోజుకంటే బాగా గుర్తుంటుంది. కొలిచేది జ్ఞాపకాన్నే, కానీ కొలత దానికి బలం మందు పోసేస్తుంది.

గుమ్మం దగ్గరే ఆపి అడగడం కూడా ఉంది. అన్నీ తాజాగా గుర్తుంటాయి, నిజమే. కానీ ఇంకా మా ఆవరణలోనే ఉన్నారు కాబట్టి అంతా బాగా చేశారనే చెప్తారు. పైగా మాత్రలు వేసుకున్నారా లేదా అన్నది అప్పటికి జరగనే లేదు.

చలిజ్వరం
మాత్రలు లెక్కపెట్టొచ్చుగా? నాలాంటివాళ్ళని అప్పుడే పట్టేసుకోవచ్చు.

సర్వేసంచి
పెడతామండీ. ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ అనే మలేరియా మందయితే పెద్దవాళ్ళకి పూటకి నాలుగు, ఆరు పూటలు, మొత్తం ఇరవై నాలుగు మాత్రలు. అట్ట చూపించమంటాం. పోయిన వారం ఒకామె “అన్నీ అయిపోయాయి” అని లోపలికెళ్ళి అట్ట తెచ్చింది. నా చేతిలో పెట్టాక ఆమే ముందు చూసుకుంది, చివరి వరసలో నాలుగు అలాగే ఉన్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. “అరె, ఇవి వేసుకున్నాననే అనుకున్నానే” అంది. ఆ ఆశ్చర్యం నటన కాదు, ఎన్ని ఇళ్ళు తిరిగానో, నటన నాకు తెలుస్తుంది. అడిగితే తేలిందేంటంటే మొదటి పూట సాయంత్రం వేసుకుంది, రెండోది ఎనిమిది గంటల తర్వాత వెయ్యాలి కాబట్టి అర్ధరాత్రి దాటాక పడింది. నిద్రలో ఆ పూట పోయింది, ఆ తర్వాత లెక్క ఒక మెట్టు జరిగింది.

అలాగని ఖాళీ అట్టని చూసి సంబరపడటానికీ లేదు. మిగిలినవి చెల్లెలికి జ్వరమొస్తే ఇచ్చినవాళ్ళూ ఉన్నారు. అట్ట ఖాళీ, కోర్సు సగం.

స్లైడ్‌మాస్టర్
దారి తప్పుతున్నా గానీ ఒక్క మాట. “మందు వేసుకున్నా తగ్గలేదు, మళ్ళీ పాజిటివే వచ్చింది” అని చెప్పేవాళ్ళని కూడా జాగ్రత్తగా రాసుకోండి. ఫాల్సిపారమ్ అనే ఇంకో రకం మలేరియా క్రిమిని పట్టే కిట్లలో ఎక్కువ భాగం ఒక ప్రొటీన్‌ని వెతుకుతాయి. క్రిములు చచ్చిపోయినా అది రక్తంలో కొన్ని వారాలు ఉండిపోతుంది. గీత వస్తుంది, జబ్బు ఉండదు. రోగికి గుర్తున్నది నిజమే, దాని అర్థమే వేరు.

లెక్కలపిచ్చి
సంచి గారూ, నేను మీ స్థానంలో ఉంటే ప్రశ్నని ముక్కలు చేస్తాను. “ఒంట్లోంచి రక్తం తీశారా” అని ముందు. తీస్తే ఎక్కడినుంచి, వేలా, మడమా, మోచెయ్యా, చేత్తో చూపించమనాలి. తర్వాత, ఫలితం ఏమిటో ఎవరైనా చెప్పారా, చెప్తే ఏ మాటల్లో చెప్పారు, ఆ మాటలు యథాతథంగా రాసుకోవాలి. మందు పేరు అసలు అడగొద్దు, మాత్రల ఫోటోలు చూపించాలి. రెండు వారాల హద్దు కోసం ఒక గుర్తుంచుకునే రోజు పట్టుకోవాలి. లేకపోతే నెలకిందటి జ్వరాన్ని కూడా మొన్నటిదని లాక్కొచ్చేస్తారు.

నీలంసిరా
సూది గురించి కూడా జాగ్రత్త. సూది వేశారంటే మలేరియా సూది అని రాసేసుకోకండి. జ్వరం తగ్గడానికి వేసిందై ఉండొచ్చు. ముదిరిన మలేరియాకి ఇచ్చే ఆర్టిసునేట్ అయితే సాధారణంగా మంచం మీద పడుకోబెట్టి, 24 గంటల్లో కనీసం మూడుసార్లు ఇస్తాం. “ఎన్నిసార్లు, పడుకున్నారా నిలబడ్డారా” అని అడగండి, సగం తేలిపోతుంది.

సర్వేసంచి
మూడు రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ల్యాబ్ రిజిస్టర్ కూడా పట్టుకున్నాను. అది వేరే గదిలో, వేరే తాళంలో ఉంది, అడిగినవాళ్ళే లేరట ఇన్నాళ్ళూ.

మోచేతి మడత చూపించిన పెద్దాయన అందులో ఉన్నాడు. అదే తేదీ, అదే పేరు. నరం నుంచి రక్తం, నాలుగు పరీక్షలు, మూడోది మలేరియా స్లైడు, నెగెటివ్. నేను ఆయన పేరు ఎదురుగా ఎర్ర పెన్నుతో “జ్ఞాపకం తప్పు” అని రాసి ఉన్నాను. మా ప్రశ్న ప్రకారం అయితే ఆయనకి పరీక్షే కాలేదు. ఓపీ రిజిస్టర్ ప్రకారమూ కాలేదు. రెండు కాగితాలూ ఏకమై ఆయన్ని అబద్ధాలకోరుని చేశాయి.

సిరప్ తల్లి సంగతి ఇంకా తేలలేదు. మలేరియానే అన్నారన్నావిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఏ మాటల్లో చెప్పారమ్మా అని అడిగాను. “మలేరియా కాదు గానీ దాని మందు వాడు, మంచిది అన్నారు” అంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇది చెప్పడానికి మా ఫారంలో గడి లేదు.

రాత్రిడ్యూటీ
ఆ డాక్టరు నేను కాదని ఆశిస్తున్నాను.

లెక్కలపిచ్చి
ఇంకోటి అడగటం మర్చిపోయాను. “తెలీదు” అన్నవాళ్ళని ఎక్కడ కలిపారు?

సర్వేసంచి
“లేదు”లో. ఎంతమందో చెప్తే మీరు తిడతారు.

లెక్కలపిచ్చి
తిట్టను. విడిగా తీసి ఇక్కడ పెట్టండి, చూద్దాం.